ఇంకెవరినన్న కరిచిందా?

పద్నాలుగేళ్లుగా నా దగ్గర ఒక మాట ఉండిపోయింది. చెప్పాల్సిన రోజున చెప్పలేదు. ఆ తర్వాత చెప్పినా ఉపయోగం లేని రోజులు వచ్చాయి. ఉపయోగం లేదు కదా అని ఇంకా చెప్పలేదు. నాతోపాటు దానికీ వయసు మీద పడింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం ఉంటే ఇన్నేళ్లు ఎందుకు పడుతుంది? నా పేరు రాయను. పేరు లేని ఒప్పుకోలు సగం ఒప్పుకోలే అని మీరు అనవచ్చు. నేనూ అనుకున్నాను. సగమైనా బయట పడనీ అని పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

జరిగింది ముందే చెప్పేస్తాను. నా కుక్క మా పక్కింటామెను కరిచింది. ఆమె చనిపోయింది. ఆమెను బతికించే మాట నా దగ్గర ఉండింది, నేను చెప్పలేదు. ఇంతవరకు రాయడం అనుకున్నంత కష్టం కాలేదు. కానీ దీని లోపల ఇంకొకటి ఉంది. అది రాయడానికి నాకు కొంచెం సమయం కావాలి.

మాది ఆర్మూర్. మాఘం నుంచి ఉగాది దాకా మా ఊళ్లో ఎక్కడ ఖాళీ జాగా ఉంటే అక్కడ ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఆరుతుంటాయి. కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ములు తిరిగితే లేచే దుమ్ము ఉతికిన బట్టల మీద, అన్నం గిన్నె మూత మీద, ఆఖరికి కనురెప్పల మీద కూడా పడుతుంది. వేలు తెగితే పసుపు. దగ్గొస్తే పాలలో పసుపు. బాలింతకు పసుపు, గడపకు పసుపు. వేరే ఊళ్లవాళ్లు పసుపును నమ్ముతారు. మాకు నమ్మడం, నమ్మకపోవడం అనే ఆలోచనే రాదు. దెబ్బ తగలగానే చెయ్యి దానంతట అదే పసుపు డబ్బా మీదికి పోతుంది.

పెళ్లయిన మూడేళ్లకు మా ఆయన మస్కట్ పోయాడు. రెండేళ్లకోసారి వచ్చి నెలరోజులుండి పోయేవాడు. మాకు పిల్లలు లేరు. నేను బీడీలు చేసేదాన్ని. పసుపు కాలంలో మాత్రం ఇంటి పక్కనున్న కల్లంలో కొమ్ములు తిరగేయడానికి, ఏరడానికి కూలికి పోయేదాన్ని. పగలు పని ఉంటే ఒంటరితనం అంతగా తెలియదు. వండుకున్న అన్నం ఒక్క కంచంలో పెట్టుకునేటప్పుడు తెలుస్తుంది.

పక్కింట్లో గంగమణి ఉండేది. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. భర్త సాయన్న మార్కెట్ యార్డులో హమాలీ. ఒక్కతే కూతురు, సుజాత, పోచంపాడ్‌లో ఇచ్చారు. గంగమణీ నేనూ ఒకే అరుగు మీద, ఒళ్లో చాటలు పెట్టుకుని, తునికాకు కత్తిరించుకుంటూ కూర్చునేవాళ్లం. ఆమె మాట్లాడేది, నేను వినేదాన్ని. "నీకు నోట్ల నాలుకే లేదు చెల్లె. నీ కుక్కకన్న ఉన్నది" అని ఏడిపించేది. కూర ఏం వండినా గిన్నెలో కొంచెం నాకు పెట్టి పంపేది. జ్వరమొస్తే నా తల దగ్గర కూర్చునేది. ఈ భూమ్మీద రోజూ నన్ను నోరారా పిలిచే మనిషి ఆమె ఒక్కతే.

ఆ కుక్క పేరు మోతి. ఎవరిదో తెలియదు, పిల్లగా ఉన్నప్పుడు వచ్చి మా ఇంట్లో నిలిచింది. ఆరబెట్టిన పసుపు మీదికి పందులు రాకుండా పగలంతా కల్లంలో కాపలా కాసేది. సాయంత్రం నా గడప ముందు పడుకునేది. ఆ ఏడు సంక్రాంతి ముందు యార్డు వైపు నుంచి వచ్చిన ఒక పిచ్చి చూపుల కుక్క దాని మెడ పట్టి కరిచింది. నేను దాని గాయానికి పసుపు పెట్టాను. రెండు రోజుల తర్వాత ఆటోలో మైకు పెట్టుకుని పశువుల దవాఖానవాళ్లు వీధిలోకి వచ్చారు, కుక్కలకు ఉచితంగా సూదులు వేస్తున్నాం, తీసుకురమ్మని. నేను పోలేదు. అంతకుముందే ఆకు తడిపిపెట్టుకున్నాను. తడిపిన ఆకు ఆ రోజే చుట్టకపోతే పాడైపోతుంది. మోతి మెడ మీద గాయం ఎలాగూ మానుతోంది కదా అనుకున్నాను. ఆ రోజు ఆకు పోతే పోయేది అని ఇప్పుడు అనిపిస్తుంది.

మరో నెలకు అది గంగమణిని కరిచింది. మిట్టమధ్యాహ్నం. మేమిద్దరం కల్లంలో కొమ్ములు తిరగేస్తున్నాం. గంగమణి నీళ్లు తాగడానికి ట్రాక్టర్ ట్రాలీ పక్కనుంచి పోతోంది. మోతి ట్రాలీ కింద నీడలో ఉంది. లేచింది. మొరగలేదు, గుర్రుమనలేదు. వచ్చి ఎడమ కాలి పిక్క పట్టి కరిచి, మళ్లీ పోయి పడుకుంది. నేను కళ్లారా చూశాను. ఆమె దాని వైపు కూడా చూడలేదు.

అయినా నేనేమన్నానో తెలుసా?

"తోక తొక్కినట్టున్నవక్కా."

"తొక్కిన్నేమో చెల్లె. సూసుకోలె" అంది ఆమె, కాలు పట్టుకుని.

అక్కడినుంచి మొదలుపెట్టాను. తప్పు ఆమె మీదికి తోయాలని కాదు. నా కుక్క ఊరికే మనిషిని కరిచిందంటే నలుగురూ దాన్ని కొట్టి చంపుతారు. ఆ ఒక్క క్షణంలో నాకు తోచింది అదే. ఇంట్లోకి ఉరికి గుప్పెడు పసుపు తెచ్చాను. గాయాల్లో కూరాను. పంటి గాట్లు నాలుగు. పాత చీర చింపి కట్టు కట్టాను. ఒక్క చుక్క నీళ్లు తగలనివ్వలేదు. నీళ్లు తగిలితే చీము పడుతుందని మా నమ్మకం. పది అడుగుల దూరంలో నల్లా ఉంది. గూట్లో బట్టల సబ్బు ఉంది.

"దీనికి సూదులు ఇప్పించినవా?" గంగమణి అడిగింది.

"ఇప్పించిన. మొన్ననే గద పశువుల దవాఖానోల్లు వచ్చిండ్రు."

"అయితే ఫికర్ లేదు తియ్యి."

ఆ అబద్ధం నేనెందుకు ఆడానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. కడుపు నింపుకోవడానికో, ప్రాణం కాపాడుకోవడానికో ఆడిన అబద్ధం కాదు. ఇంటి ముందుకొచ్చిన సూదికి కుక్కను పట్టుకుపోలేదని చెప్పడానికి సిగ్గేసింది, అంతే. గంగమణి నన్ను ఒళ్లు దాచుకునేదానిగా చూస్తుందని భయపడ్డాను. ఆమె చూసేది కాదు. నాకు తెలుసు.

మా దగ్గర ఒక లెక్క ఉంది. కరిచిన కుక్క పది రోజులు బతికితే కాటు పడ్డ మనిషికి గండం లేదంటారు. గంగమణి ఆ లెక్క పట్టుకుంది. రోజూ పొద్దున గోడ మీద నుంచి తల పెట్టి ఒకే మాట అడిగేది. "మోతి మంచిగున్నదా?" నేను మంచిగున్నదనేదాన్ని. మూడు రోజులు అది నిజమే.

నాలుగో రోజు మోతి అన్నం ముట్టలేదు. ఇంట్లో పాత గోనెసంచుల వెనక చీకట్లోకి పోయి ముడుచుకుంది. పిలిస్తే వేరే గొంతుతో అరిచింది, అది మోతి గొంతు కాదు. ఐదో రోజు వెనక కాళ్లు ఈడ్చింది. నోట్లోంచి చొంగ ఆగలేదు. నీళ్లు తాగించాలని నోట్లో చెయ్యి పెట్టాను. బీడీలు చేసే చేతులు, కత్తెర తగిలి వేళ్లన్నీ చిన్న చిన్న గాట్లు. చొంగంతా వాటిమీద కారింది. ఆరో రోజు పొద్దెక్కేసరికి చచ్చిపోయింది.

అంతకు కాసేపటి ముందే గంగమణి గోడ మీద నుంచి అడిగి పోయింది. నేను అలవాటు మీద మంచిగున్నదన్నాను.

ఆ మధ్యాహ్నం వీధి అంతా యార్డుకు, పొలాలకు పోయి ఖాళీగా ఉన్నప్పుడు, పసుపు గోనెలో మోతిని చుట్టి పెరట్లో పాతిపెట్టాను. ఎలుకల మందు తిన్నదేమో అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలని అనుకున్నానా? కల్లంలో ఎలుకలకు మందు పెట్టేవాళ్లు, అది నిజమే. కానీ మందు తిన్న కుక్క రెండు రోజులు చొంగ కారుస్తూ చీకట్లో దాక్కోదని నాకు తెలియదా? ఆ సంగతి నా చేతులకు తెలుసు. పాతిపెట్టాక మూడుసార్లు కడుక్కున్నాయి.

సాయంత్రం గంగమణికి చెప్పాను, మోతిని నందిపేట్‌లో మా తమ్ముడి ఇంటికి పంపేశానని. మనుషుల్ని కరవడం అలవాటైతే కష్టమని పంపానన్నాను. ఆమె బాధపడింది. "నా మీద పాయిరంతోని దాన్నెందుకు ఎల్లగొట్టినవు చెల్లె, ఒక్కదానివి ఎట్లుంటవు" అంది. ఏడో రోజు గోడ దగ్గర అడిగింది, ఫోన్ చేసినవా, మంచిగున్నదటనా అని. మంచిగున్నదట అన్నాను. ఎనిమిదో రోజు. తొమ్మిదో రోజు. పదో రోజు ఆమె నవ్వి, "ఇగ నాకు గండం దాటింది" అని అటుకులు వేయించి తెచ్చింది. ఇద్దరం తిన్నాం.

ఇప్పుడు అసలుది రాయాలి.

ఏడో రోజు, గోడ దగ్గర ఆ మాట చెప్పిన గంటకే, నేను బస్సెక్కి నిజామాబాద్ పోయాను. ఆర్మూర్ దవాఖానలోనూ సూదులున్నాయి. కానీ అక్కడ తెలిసినవాళ్లు కనబడతారు. నిజామాబాద్‌లో ఒక దవాఖానలో వరుసలో నిలబడ్డాను. కుక్క సూదులు వేసేచోట ఒక నర్సమ్మ ఉంది. నడివయసు మనిషి. కరవలేదమ్మా, నోట్లో చెయ్యి పెట్టిన, కుక్క చచ్చిపోయింది, అని చెప్పాను. ఆమె నా వేళ్లు తిప్పి చూసింది. నల్లా దగ్గరికి తీసుకుపోయి, సబ్బిచ్చి, గోడ గడియారం చూపించింది. పావుగంట. ఆలస్యమైనా కడగాల్సిందే అంది. నేను కడుగుతుంటే పక్కన నిలబడి చెప్పింది.

"పసుపు, సున్నం, కారం, ఏమీ పెట్టొద్దు. కట్టు కట్టొద్దు. పారే నీళ్లు, సబ్బు. వెంటనే దవాఖానకు రావాలె. పది దినాలు కుక్కను సూసుడు మంచిదే, గానీ సూది మానుకొని సూసుడు కాదు. సూది మొదలుపెట్టి సూడాలె."

నేను తలూపాను. నాకు సూది వేసింది. తర్వాత రిజిస్టరు ముందుకు లాక్కుని, పెన్ను పట్టుకుని, నా మొహంలోకి చూసి అడిగింది.

"ఇంకెవరినన్న కరిచిందా?"

"లేదు."

"మంచిగ యాది చేస్కో. ఉంటే తోల్కరా. ఎంత ఆలస్యమైనా సరే. రోగం బయటపడ్డదంటే ఇగ మందు లేదు. గంతకుముందైతే ఉన్నది."

"లేదు సిస్టర్. ఎవరినీ కరవలే."

ఆమె రాసుకుంది. ఆ మాట ఆ రిజిస్టరులో ఇప్పటికీ ఉండి ఉంటుంది.

ఇదే నేను మోస్తున్నది. ప్రమాదం ఉందని నాకు తెలియక ఊరుకున్నాననుకోవడానికి వీల్లేదు. తెలిసింది. నా ఒంటికి వచ్చేసరికి తెలిసింది. నా ప్రాణం కోసం నలభై నిమిషాల బస్సు దూరం నాలుగుసార్లు తిరిగాను. గోడకు అటువైపు ఉన్న మనిషికి ఒక్క మాట చెప్పడానికి నాకు కాళ్లు రాలేదు.

ఎందుకు? నేను ఈ ప్రశ్న వేసుకోని రోజు లేదు. నర్సమ్మతో అవునంటే గంగమణిని తీసుకురావాలి. తీసుకురావాలంటే మోతి చచ్చిందని చెప్పాలి. చచ్చిందని చెబితే నందిపేట్ అబద్ధం బయటపడుతుంది, సూదులు ఇప్పించానన్న అబద్ధం బయటపడుతుంది, తోక తొక్కినవన్న మాట బయటపడుతుంది. ఒక్క దారం లాగితే మొత్తం ఊడిపోతుంది. ఆ పైన ఆమె నాతో మాట్లాడదు. గోడ మీద నుంచి తల కనబడదు. నాకున్న ఒక్క మనిషి పోతుంది. ఆమె పోకూడదని దాచాను. దాచి, ఆమెను శాశ్వతంగా పోగొట్టుకున్నాను. ఇది రాస్తుంటే ఎంత తెలివితక్కువదాన్నో నాకే అర్థమవుతోంది, కానీ ఆ రోజుల్లో అది గట్టి కారణంలాగే కనబడింది.

రేపు చెబుదామనుకునేదాన్ని. అబద్ధం కాదు, నిజంగా అనుకునేదాన్ని. పొద్దున లేస్తూనే ఇవ్వాళ చెప్పెయ్యాలి అనుకునేదాన్ని. ఒక రోజు ఆలస్యమయ్యాక చెబితే, నిన్న ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. పది రోజులయ్యాక పది రోజులు ఎందుకు చెప్పలేదంటుంది. రోజు రోజుకూ జవాబు బరువెక్కింది.

రెండో సూదికి పోయేటప్పుడు, మస్కట్ కాగితాల పని మీద నిజామాబాద్ పోతున్నానని చెప్పాను. "పోతే పోతివి గనీ, నాకొక మంచి కత్తెర తే. ఇది మొండైంది" అంది గంగమణి. తెచ్చాను. సూది వేయించుకుని, మోచెయ్యి పైన దూది ఒత్తుకుంటూ బజారుకు పోయి, నాలుగు దుకాణాలు తిరిగి మంచి కత్తెర ఏరి తెచ్చాను. ఆమె ఆకు కత్తిరించి చూసి మురిసిపోయింది. వీధిలో అందరికీ చూపించింది, మా చెల్లె తెచ్చిందని.

ఆమె గాయం మూడు రోజుల్లోనే పొడిబారింది. వారానికి పొక్కు రాలింది. మచ్చ కూడా అందంగా, నాలుగు చుక్కల్లా మిగిలింది. పసుపు తన పని తాను చేసింది. చూసినవాళ్లంతా మన పసుపు మహిమ అన్నారు. నేనూ అన్నాను.

నాకు దాదాపు రెండు నెలలున్నాయి. ఆ రెండు నెలల్లో ఏ రోజు చెప్పినా ఆమె బతికే దారి ఉండేదని నర్సమ్మ మాటలే చెప్పాయి. ఉగాది దాటాక ఒకరోజు గంగమణి పిక్క రుద్దుకుంటూ, మానిన కాడ తిమ్మిరెక్కుతున్నది చెల్లె, చీమలు పాకినట్టు ఉన్నది అంది. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. తర్వాత నా నోరే అంది, పొద్దంత బీడీలకు కూసుంటే గట్లనే అయితది అక్కా అని.

మరునాడు జ్వరం. ఆ మరునాడు నీళ్లు అడిగింది. నేనే చెంబుతో తీసుకుపోయాను. చెంబు దగ్గరికి పోతుంటేనే ఆమె గొంతు బిగుసుకుంది, చెయ్యి వణికింది. దాహం వేస్తోంది, తాగలేకపోతోంది. ఫ్యాను గాలి తగిలితే ఉలిక్కిపడుతోంది. చెంబు నా చేతిలోనే ఉంది. ఆమె నన్ను చూసింది. కోపంగా చూస్తే బాగుండేది. ఏమైతున్నది చెల్లె నాకు, అన్నట్టు చూసింది. ఈ వీధిలో ఆ ప్రశ్నకు జవాబు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

పెద్ద దవాఖానలో డాక్టరు కుక్క కరిచిందా అని అడిగాడు. కరిచింది గనీ గా కుక్కకు సూదులున్నయి సారూ, పది దినాల తర్వాత కూడా మంచిగనే ఉండె, అని సాయన్న చెప్పి, నా వైపు తిరిగాడు. నేను తలూపాను. అయితే ఇంకేదో వీధికుక్క గీరి ఉంటుంది, లేదా నాకి ఉంటుంది, చూసుకుని ఉండరు అన్నాడు డాక్టరు. యార్డులో వీధికుక్కలకు కొదవ లేదు. ఆ మాట అందరికీ సరిపోయింది. ఇంట్లోవాళ్లందరికీ సూదులు వేయించారు. నన్నూ వేయించుకోమన్నారు. నేను వేయించుకుంటానన్నాను. నాకు అప్పటికే అయిపోయాయి.

నాలుగో రోజు ఆమె పోయింది. దినాలైపోయాక సాయన్న, మరో నలుగురు హమాలీలు కర్రలు పట్టుకుని యార్డులో కనబడిన ప్రతి కుక్కనూ కొట్టారు. అవి అరుస్తుంటే మా ఇంటిదాకా వినబడింది. మోతి చేసిన పనికి, అసలు నేను చేసిన పనికి, అవి దెబ్బలు తిన్నాయి. అప్పుడు కూడా నేను తలుపు వేసుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత నేను మంచిదాన్నయ్యాను. నవ్వకండి. వీధి నల్లా దగ్గర గూట్లో ఎప్పుడూ ఒక సబ్బు పెడతాను, అరిగితే కొత్తది పెడతాను. ఎవరిని కుక్క కరిచినా, గీరినా, పట్టుకొచ్చి పావుగంట కడిగిస్తాను. పసుపు డబ్బా తెస్తే చేతి మీద కొడతాను. ఆటో ఎక్కించి దవాఖానకు తీసుకుపోతాను, మిగతా సూదుల రోజులు నేనే గుర్తుపెట్టుకుని తలుపు తడతాను. తింటున్న కుక్క దగ్గరికి పోవద్దని, పడుకున్నదాన్ని లేపొద్దని, పిల్లలు పెట్టినదాన్ని ముట్టుకోవద్దని, మీదికొస్తే ఉరకకుండా చేతులు దగ్గరగా పెట్టుకుని కదలకుండా నిలబడమని బడి పిల్లలకు చెబుతాను. పశువుల దవాఖానవాళ్లు వస్తే వీధికుక్కల్ని రొట్టె ముక్క చూపించి నేనే పట్టిస్తాను. వీధి వీధంతా నన్ను సబ్బక్క అంటుంది. కుక్క కరిస్తే ముందు సబ్బక్క, తర్వాత దవాఖాన అని వేళాకోళం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అని నాకు తెలుసు. కానీ ఇక్కడ కాలినవి నా చేతులు కావు.

నా మంచితనం ఎవరికోసం? పిల్లల కోసమా, గంగమణి కోసమా, నాకు నిద్ర పట్టడం కోసమా? పొగిడినప్పుడల్లా ఒక పక్క ఇష్టంగానే ఉంటుంది. ఆ ఇష్టం చూసి ఇంకో పక్క అసహ్యం వేస్తుంది.

సాయన్న పోయిన ఏడు కాలం చేశాడు. సుజాత, ఆమె భర్త పోచంపాడ్ నుంచి వచ్చి పక్కింట్లో ఉంటున్నారు. వాళ్లకు ఆరేళ్ల పాప ఉంది. సుజాత నన్ను చిన్నమ్మా అంటుంది. వాళ్ల అమ్మలాగే కూర గిన్నె పంపుతుంది. నేను తెచ్చిన ఆ కత్తెర ఇప్పటికీ వాళ్లింట్లో ఉంది. దాంతో పాపకు రంగు కాగితాలు కత్తిరించి ఇస్తుంది.

వారం క్రితం ఆ పాప కుక్కపిల్లను ఎత్తుకోబోతే తల్లికుక్క చెయ్యి కరిచింది. సుజాత పాపను చంకనేసుకుని నా దగ్గరికే ఉరికొచ్చింది. కడిగాను. పాప ఏడుస్తుంటే పాట పాడుతూ, గడియారం చూస్తూ పావుగంట కడిగాను. ఆర్మూర్ దవాఖానకు పోయాం. అక్కడ చిన్నవయసు నర్సు పాపకు సూదులు వేసి, కాగితం ముందు పెట్టుకుని, తలెత్తకుండానే అడిగింది.

"ఇంకెవరినన్న కరిచిందా?"

"లేదు మేడం" అంది సుజాత.

ఆమె చెప్పింది నిజమే. ఆ కుక్క ఇంకెవరినీ కరవలేదు. నేను మాత్రం బల్ల అంచు పట్టుకున్నాను. నోరు తెరుచుకుంది. బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో సుజాత నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు లేకుంటే నాకేం తెల్వకపోవు చిన్నమ్మా. అమ్మకు కూడా గిట్లనే నువ్వే పక్కకుంటివి" అంది.

ఆ చెయ్యి నేను వెనక్కి తీసుకోలేకపోయాను. ఉంచనూ లేకపోయాను. ఇంటిదాకా అట్లాగే వచ్చాం.

రేపు పాపకు మూడో సూది. పొద్దున సుజాత గోడ మీద నుంచి పిలుస్తుంది, ఇద్దరం పోవాలి. ఈ కాగితాలు ఆమెకిస్తానా? తెలియదు. ఇస్తే తన మనసులో అమ్మ రెండోసారి చనిపోతుంది, ఇవ్వడం కూడా నా బరువు దించుకోవడానికే కదా అని ఒక ఆలోచన. ఆ ఆలోచన కూడా పిరికితనానికి వేసిన మంచి చీరే అని ఇంకొక ఆలోచన. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించే హక్కున్న మనిషి లేదు, మీరు ఆమె కాదు. మీరు ఇంతదాకా చదివితే చాలు. పద్నాలుగేళ్లలో మొదటిసారి ఈ సంగతి నాకు కాకుండా ఇంకొకరికి తెలిసింది. కాసేపటినుంచి ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది.

ఆ రోజు నిజామాబాద్‌లో, పెన్ను పట్టుకుని నా మొహంలోకి చూసిన నర్సమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఒక్కటే ఇంకా బాకీ ఉంది. అది ఇక్కడ రాస్తున్నాను.

కరిచింది సిస్టర్. మా పక్కింటి గంగమణిని కరిచింది. ఎడమ కాలి పిక్క మీద. ఇంట్లనే ఉన్నది, బీడీలు చేస్తున్నది. ఇప్పుడే పోయి తోల్కొస్త.